గోడలు జరపొద్దు, గొళ్ళెం తియ్యండి

జైళ్ళు చాలడం లేదంట. ముప్ఫైమంది పట్టే గదిలో అరవైమందిని కుక్కుతున్నారంట. ఒకడి కాళ్ళ దగ్గర ఇంకొకడి తలకాయంట. కాబట్టి పాత గోడలు పడగొట్టి జరపాలి, మిద్దెమీద మిద్దె వెయ్యాలి, కొత్త బ్యారక్‌లు కట్టాలి. ఇట్లాంటి మాట పేపర్లో పడినప్పుడల్లా మన పల్లెల్లో చదువుకున్న పిల్లలు కూడా 'మంచిపనే కదా, పాపం వాళ్ళూ మనుషులే కదా' అంటున్నారు. మనుషులే. అందుకే మేం కాదంటున్నాం.

ముందు ఒక లెక్క చూడండి. మేం వేసిన లెక్క కాదు, సర్కారువాళ్ళే అచ్చేసిన జైళ్ళ లెక్క. 2014 ఆఖరుకి దేశంలో అన్ని జైళ్ళలో కలిపి 3,56,561 మందికి చోటుంది. ఉన్నది 4,18,536 మంది. అంటే వందమంది ఉండాల్సిన చోట 117 మంది. 2022 ఆఖరుకి చోటు 4,36,266 మందికి పెంచారు. ఎనిమిదేళ్ళలో దాదాపు ఎనభైవేలమందికి కొత్తగా చోటు! మరి ఇరుకు తగ్గిందా? వందకి 131 అయింది. లోపలున్నవాళ్ళు 5,73,220 మంది అయ్యారు. 2002-03లో కూడా కేంద్రం 1,800 కోట్లతో జైళ్ళ ఆధునికీకరణ పథకం పెట్టింది. కొత్త జైళ్ళు కట్టారు, పాతవాటికి బ్యారక్‌లు కలిపారు, సిబ్బందికి క్వార్టర్లు కట్టారు. కాంట్రాక్టర్లు బాగుపడ్డారు. ఖైదీ కాళ్ళు చాపుకోలేదు.

ఇంకొంచెం లోపలికి పోయి చూస్తే అసలు గుట్టు బయటపడుతుంది. శిక్ష పడిన ఖైదీలు 2014లో 1,31,517 మంది. 2022లో 1,33,415 మంది. రెండువేలు కూడా పెరగలేదు. మరి ఎవరు పెరిగారు? విచారణ ఖైదీలు. రెండు లక్షల ఎనభై రెండువేల చిల్లర ఉన్నవాళ్ళు నాలుగు లక్షల ముప్ఫైనాలుగువేలు దాటారు. జైలు ఇరుకంతా వీళ్ళదే. విచారణ ఖైదీ అంటే ఎవరు? ఏ కోర్టూ దోషి అని చెప్పనివాడు. చట్టం దృష్టిలో మీరూ మేమూ ఎట్లాగో వాడూ అట్లాగే. వీళ్ళలో ప్రతి అయిదుగురికీ ఒకరు ఎస్సీ. దేశ జనాభాలో మనం ఆరుగురికి ఒకరం. జైలుకెళ్ళేసరికి మన వాటా పెరుగుతుంది! ఉద్యోగాల్లో పెరగదు, భూమిలో పెరగదు. లోపలున్నవాళ్ళలో మూడింట రెండొంతులమంది పదో తరగతి దాటనివాళ్ళే. బడిలో నిలపలేకపోయినవాడికి జైల్లో చోటు వెతుకుతున్నారు.

మా దగ్గరి సంగతి ఒకటి చెప్తాం. రేపల్లె నుంచి సముద్రం వైపు దిగేకొద్దీ వరిచేలు పోయి రొయ్యల చెరువులొచ్చాయి. అవి ఎవరివో మీకు తెలుసు, వాటిమీద రాత్రి కాపలా పడుకునేది ఎవరో కూడా తెలుసు. ఒక చెరువు మీద మోటారు పోయింది. మోటారు పోతే ముందుగా ఎవరిని పట్టుకుంటారు? పక్క చెరువు మీద కాపలా ఉండే మన పిల్లోణ్ణి. వాడికి ఇరవై ఏళ్ళు. పద్దెనిమిదో రోజున బెయిలిచ్చారు. ఇంట్లో వాళ్ళు కోడిని కోసుకుందామనుకున్నారు. అప్పుడు తెలిసింది, బెయిలు వేరు, బయటికి రావడం వేరు. ఇద్దరు జామీనుదార్లు కావాలి, ఒక్కొక్కరు పదివేలకు. వాళ్ళమ్మ రేషన్ కార్డు, ఆధార్ కార్డు, కాలనీ ఇంటిపట్టా గుడ్డసంచిలో పెట్టుకుని తిరిగింది. పనికి రావన్నారు. ఇంటిపన్ను రసీదు కావాలి, ఆస్తి విలువ ఇంతని ఆఫీసరు రాసిన కాగితం కావాలి. ప్రభుత్వమే ఇచ్చిన పట్టా కదండీ అంటే, 'అది అమ్మేది కాదు కదమ్మా, దాన్ని జామీనుకెట్టా తీసుకుంటారు' అన్నాడు గుమాస్తా. అన్నలారా, ఇది వినండి. అమ్ముకుంటామేమోనని మనకిచ్చిన భూమికి చట్టంతో ముడేశారు. అమ్ముకోలేం గనక మనకి ఆస్తి లేదని ఇంకో ముడేశారు.

బెయిలొచ్చాక కూడా ఆ పిల్లోడు నాలుగు నెలలు లోపలున్నాడు. ఆఖరికి ఊళ్ళో ఒక ఆసామి వచ్చి సంతకం పెట్టాడు, ఇంకొకడి చేత పెట్టించాడు. ధర్మాత్ముడు అన్నారు అందరూ. ఆ ధర్మానికి బదులు పిల్లోడు ఒక సీజనంతా ఆయన చెరువు మీద జీతం లేకుండా కాపలా కాశాడు. జైలుగోడ చెరువుకట్ట దాకా జరిగిందన్నమాట. ఇంతకన్నా విస్తరణ ఏం కావాలి? కేసు ఇంకా నడుస్తూనే ఉంది.

చట్టాలు లేవా అంటారేమో. కాగితం మీద మనంత అదృష్టవంతులు లేరు. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ పదివేల జామీనునే కడిగేశారు. ఆ మేస్త్రీ అన్న జామీనుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు కాదన్నాడు. పేదవాడికి పదివేలేంది, వేరే జిల్లా అయితే ఏమైందని సుప్రీంకోర్టు అడిగింది. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు. బీహారు జైళ్ళలో, నేరం రుజువైతే పడే శిక్షకన్నా ఎక్కువ కాలం విచారణ లేకుండా మగ్గినవాళ్ళు బయటపడ్డారు. ఊరూ ఇల్లూ ఉన్నవాణ్ణి సొంత పూచీమీద వదలమని అప్పుడే చెప్పారు. 2014లో అర్నేష్ కుమార్ కేసులో, ఏడేళ్ళలోపు శిక్షపడే నేరాలకు ఊరికే అరెస్టు చెయ్యొద్దన్నారు. 2023 జనవరిలో, బెయిలిచ్చిన నెలలోపు జామీను తెచ్చుకోలేకపోతే కోర్టే ఆ షరతు సడలించే సంగతి చూడొచ్చు అన్నారు. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీలకని పథకం పెట్టింది, జామీను సొమ్ముకి నలభైవేల దాకా ఇస్తామని. 2024 జూలై నుంచి అమల్లోకొచ్చిన నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడోవంతు లోపల గడిపితే వదలాలి. దొంగతనానికి గరిష్ఠం మూడేళ్ళు. అంటే ఏడాది. ఉరీ యావజ్జీవమూ పడే నేరాలకు ఇది లేదు, ఒకటికి మించి కేసులున్నవాళ్ళకీ లేదు. దరఖాస్తు పెట్టాల్సింది జైలు సూపరింటెండెంటే. మన గూడెంలో ఎంతమందికి తెలుసిది? పేపరు చదివే మాకే చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పరు.

పైగా చెయ్యదలుచుకుంటే చెయ్యగలరని కూడా చూశాం. 2020 మార్చి 23న కరోనా భయంతో సుప్రీంకోర్టు ఒక్కమాట అనేసరికి ప్రతి రాష్ట్రంలోనూ కమిటీలేసి ఖైదీల్ని మధ్యంతర బెయిలు మీద, పెరోలు మీద వేలకు వేలు వదిలారు. ఊళ్ళు మునిగిపోయాయా? రోగం లోపలి సిబ్బందికి కూడా అంటుతుందని తెలిసినప్పుడు ఇరుకు సంగతి రాత్రికి రాత్రే గుర్తొచ్చింది! తెలంగాణలో ఖైదీలు లేరని కొన్ని సబ్‌జైళ్ళు మూసేశారు. 1886 నాటి వరంగల్ సెంట్రల్ జైలును 2021లో నేలమట్టం చేసి, ఖైదీల్ని వేరే జైళ్ళకు పంపి, ఆ చోట ఆసుపత్రికి పునాది వేశారు. జైలుగోడ రాతిగోడే గానీ బ్రహ్మరాత కాదు.

మనవాళ్ళలోనే ఇంకో మాట అనేవాళ్ళున్నారు. వాళ్ళ బాధ మాకు తెలుసు, అందుకే కోపం లేకుండా చెప్తున్నాం. 'జైళ్ళు పెద్దవైతేనే కదా మనల్ని చంపినోళ్ళు లోపలుండేది' అంటారు. తమ్ముళ్ళూ, కారంచేడు ఎప్పుడు? 1985 జూలై 17. సుప్రీంకోర్టు ఆఖరి తీర్పు ఎప్పుడు? 2008 డిసెంబరు. ఇరవైమూడేళ్ళు. మధ్యలో 1998లో హైకోర్టు వదిలేసింది. చుండూరు 1991 ఆగస్టు 6. ఎనిమిదిమందిని నరికి గోతాల్లో కట్టి కాలవలో పడేశారు. 2007 జూలై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఈ రెండు కేసుల్లోనూ వాళ్ళు బయటున్నది జైల్లో చోటు లేకనా? గుంటూరులో జాగా లేదనా, రాజమండ్రి నిండిపోయిందనా? వాళ్ళకు జామీనుదార్లు క్యూ కట్టారు. ప్లీడర్లు క్యూ కట్టారు. కేసు తేలేలోపు ముప్ఫైమందికి పైగా ముద్దాయిలు ముసలితనాలతో రోగాలతో ఇళ్ళల్లో మంచాలమీద పోయారు. మన పిల్లోడు మోటారు కేసులో జైల్లో చాప మీద.

చుండూరువాళ్ళు ఏం అడిగారో గుర్తుచేసుకోండి. జైలు అడగలేదు. కోర్టు అడిగారు. మా ఊళ్ళోనే కోర్టు పెట్టండి, మా ఆడవాళ్ళు నడిచొచ్చి సాక్ష్యం చెప్తారు అన్నారు. అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం జరిగిన ఊళ్ళోనే కూర్చున్న మొదటి ప్రత్యేక కోర్టు అది. ఏళ్ళతరబడి పోరాడి సాధించుకున్నారు. ఆ పోరాటం నడిచిన గడ్డమీద నిలబడి ఇవాళ మనం బ్యారక్‌లకి చప్పట్లు కొట్టాలా?

ఇంకో సంగతి. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు, మనమీద దాడిచేసినవాణ్ణి పట్టుకునే ముందు ప్రాథమిక విచారణ చెయ్యాలి, అనుమతి తీసుకోవాలి అంది. అమాయకులు అరెస్టవుతారని అంత బెంగ! ఏప్రిల్ 2న దేశమంతా బంద్ చేస్తే గానీ పార్లమెంటు కదల్లేదు. మోటారు పోయినప్పుడు మన పిల్లోడి విషయంలో ఆ బెంగ ఎవరికీ కలగలేదే?

మన జిల్లాకు ఈ విస్తరణ కొత్త కాదు. బాపట్ల పక్కనే స్టూవర్టుపురం ఉంది. 1871లో తెల్లవాళ్ళు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. పుట్టుకతోనే దొంగ అని ముద్ర. నలభై ఏళ్ళ తర్వాత ఎరుకలవాళ్ళను తెచ్చి అక్కడ సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు. హాజరు చెప్పాలి, పాసు లేనిదే పొలిమేర దాటకూడదు. బిడ్డా పాపా అందరూ ఖైదీలే, ఊరే జైలు. చట్టం 1952లో పోయింది. ఆ ఊరి పేరు చెప్తే ఇప్పటికీ అద్దెకి ఇల్లు ఇవ్వడానికి మొహం తిప్పుకుంటారు. సినిమాలవాళ్ళు ఆ పేరు అమ్ముకున్నారు. జైలు నిబంధనల పుస్తకాల్లోనైతే మొన్నమొన్నటిదాకా 'నేరస్థ తెగ', 'సంచార తెగ' అన్న మాటలు బతికే ఉన్నాయి. ఊడ్చే పనీ పాకీపనీ ఒక కులానికి, వంటపని ఇంకో కులానికి అని రాసుకున్న రాష్ట్రాలున్నాయి. 2024 అక్టోబరు 3న సుకన్యా శాంత అనే జర్నలిస్టు వేసిన కేసులో సుప్రీంకోర్టు అవి రాజ్యాంగవిరుద్ధమని కొట్టేసింది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమంది. అంటే స్వతంత్రం వచ్చిన డెబ్భై ఏడేళ్ళదాకా ఆ గడి ఉందనే కదా అర్థం! కొత్త బ్యారక్ కడితే కొత్త మరుగుదొడ్లూ కడతారు. వాటిని ఎవరి చేత కడిగిస్తారన్నది మేం అడుగుతాం.

ఒకటి ఒప్పుకుంటున్నాం. ఉన్న జైళ్ళలో నీళ్ళు రావాలి, ఫ్యాను తిరగాలి, దొడ్డికి తలుపుండాలి, డాక్టరు రావాలి. వీటికి డబ్బు పెడితే మేం అడ్డుపడం. లంకల్లోంచి ఒక తల్లి కూలి పోగొట్టుకుని, బస్సెక్కి, గుంటూరు జైలు దాకా వచ్చి ములాఖత్ దొరక్క తిరిగిపోతుంటే, ఆమె కూర్చోడానికి ఒక రేకుల పందిరి వేస్తే మేమే మెచ్చుకుంటాం. ఎస్కార్టు పోలీసులు లేరని ఖైదీని కోర్టుకు తీసుకురాకుండా వాయిదా మీద వాయిదా వేస్తున్నారే, ఆ ఎస్కార్టుకి డబ్బు పెట్టండి. మనుషుల్ని పట్టుకొచ్చి నింపేదానికి మాత్రం ఇటిక కూడా వద్దు.

ఇక మన సంగతి. నాలుగు నెలలు ఆ పిల్లోడు లోపలుంటే మేం ఏం చేశాం? మాలో టీచర్లున్నాం, బ్యాంకు ఉద్యోగులున్నారు, ఆర్టీసీ వాళ్ళున్నారు. రిజర్వేషన్‌తో ఉద్యోగాలొచ్చినవాళ్ళం. జీతం సర్టిఫికెట్ పెట్టి మేం జామీను నిలబడొచ్చు. ఆ మాట మాకు తెలుసు. వాడు వాయిదాకి రాకపోతే మా జీతంలో కోత పడుతుందని, పోలీసుస్టేషన్లో మా పేరు పడుతుందని వెనక్కి తగ్గాం. సభల్లో అంబేద్కర్ ఫొటోకి దండ వేసింది మేమే, ఆసామికి సంతకం వదిలేసింది కూడా మేమే. దీన్ని కప్పిపుచ్చుకుని సర్కారుని తిట్టడం మాకు చేతకాదు.

అందుకని రేపల్లె, తెనాలి, బాపట్ల చుట్టుపక్కల ఉద్యోగుల్లో జామీను నిలబడేవాళ్ళ జాబితా ఒకటి రాయడం మొదలుపెట్టాం. ఇప్పటికి పదకొండు పేర్లొచ్చాయి. వాయిదా రోజున పిల్లోణ్ణి కోర్టుకు తీసుకెళ్ళే పూచీ ఆ పల్లె సంఘానిది. కార్యకర్తలు మీ ఊళ్ళో లోపలున్నవాళ్ళ పేరు, కేసు నంబరు, ఏ జైలు, ఎప్పటినుంచి, బెయిలు వచ్చిందా లేదా, వస్తే ఏ తేదీ, ఇవి ఒక కాగితం మీద రాసి తీసుకురండి. ప్లీడరు ఫీజుకి అప్పు చెయ్యొద్దు. 1987 చట్టం ప్రకారం ఎస్సీ ఎస్టీలకూ, జైల్లో ఉన్న ఎవరికైనా సరే ప్లీడరుని ఉచితంగా ఇవ్వాలి, కోర్టులోనే న్యాయసేవా కమిటీ ఉంటుంది. అక్కడికి మేం తోడొస్తాం. బెయిలు వచ్చి నెల దాటినవాళ్ళ కాగితాలు ముందు తీసుకురండి.