ఫీజు సరే... గ్రౌండ్ సంగతేంటి?

తంజోంగ్ పగార్ (సింగపూర్): ఇక్కడి రైల్వే స్టేషన్‌ను 1932లో తెరిచారు. 2011 జూన్ 30న చివరి మలేసియా రైలు వెళ్లిపోయింది. మర్నాడే పట్టాల కింది భూమి సింగపూర్ చేతికొచ్చింది. ఇక్కడి నుంచి ఉడ్‌లాండ్స్ దాకా 24 కిలోమీటర్లు! గజం నేల బంగారం రేటు పలికే ఊళ్లో దాన్ని ముక్కలు చేసి అమ్మేయలేదు. రైల్ కారిడార్ పేరుతో దశలవారీగా పచ్చటి నడకదారిగా మారుస్తున్నారు.

జాగా లేని దేశం ఇలా ఆలోచిస్తుంటే, జాగా ఉన్న మన దగ్గర పిల్లలు చదివే చోట ఏం జరుగుతోంది? నెలనెలా డబ్బు పంపేది మనం కాబట్టి, అడగాల్సిందీ మనమే.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీనే తీసుకోండి. 1974లో పెట్టినప్పుడు గచ్చిబౌలిలో దాదాపు 2,300 ఎకరాలిచ్చారు. అప్పుడది ఊరవతల. తర్వాత చుట్టూ ఐటీ కంపెనీలొచ్చాయి, రేట్లు పెరిగాయి. కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలు తనవేనంటూ రాష్ట్ర ప్రభుత్వం వేలానికి సిద్ధమైంది. 2025 మార్చి 30న, సరిగ్గా ఉగాది నాడు, బుల్డోజర్లు దిగాయి. అడ్డుపడిన విద్యార్థులను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. అప్పటికే దాదాపు 100 ఎకరాల్లో చెట్లు పోయాయి.

భూమి ఎవరిదన్నది వేరే పేచీ. ప్రైవేటు సంస్థతో నడిచిన కేసులో 2024లో ప్రభుత్వమే గెలిచింది కూడా. కానీ పిల్లలు రోడ్డెక్కింది పట్టా కోసం కాదు. జింకలు, నెమళ్లు, చెరువు గట్టు, పుట్టగొడుగులా నిలబడ్డ బండరాయి... వాళ్లు ఊపిరి పీల్చుకునే చోటు అది.

బయట తిరగడానికి ఇంత గొడవా అనేవాళ్లు 2020ని గుర్తు చేసుకోవాలి. ఏప్రిల్ నుంచి నెలల తరబడి ఇక్కడి డార్మిటరీల్లో మూడు లక్షల మందికి పైగా కార్మికులను గేటు దాటనివ్వలేదు. తిండి లోపలికే వచ్చింది. అయినా నిద్ర పట్టనివాళ్లు, ఊరికే చిరాకు పడినవాళ్లు ఎందరో! ఆ గదుల్లో ఉన్నవాళ్లకు ఈ విషయం ఎవరూ చదివి చెప్పక్కర్లేదు.

అయినా పరిశోధన ఉంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 38 మందిని రెండు జట్లు చేసి గంటన్నర నడిపించారు. ఒక జట్టు చెట్లూ గడ్డీ ఉన్న చోట, ఇంకోటి రద్దీ రోడ్డు పక్కన. 2015లో ఫలితాలు అచ్చయ్యాయి. చెట్ల మధ్య నడిచినవాళ్లలో, జరిగిందే తలచుకుని కుమిలే ఆలోచనలు తగ్గాయి. 38 మంది చిన్న లెక్కే, ఒక్క నడకతో బాధలన్నీ పోతాయని ఎవరూ అనలేదు. కానీ మార్కులు తగ్గిన కుర్రాడు రాత్రంతా చేసే పని అదే కదా... జరిగిందే తలచుకోవడం!

స్థలం చాలదంటారా? ఇక్కడి నేషనల్ యూనివర్సిటీ పాత గోల్ఫ్ కోర్సులో యూనివర్సిటీ టౌన్ కట్టి 2011లో తెరిచింది. చుట్టూ హాస్టళ్లు పైకి లేపి, మధ్యలో పెద్ద పచ్చిక వదిలేశారు. అంతెందుకు, తంజోంగ్ పగార్ పక్కనే డక్స్‌టన్‌లో 50 అంతస్తుల ప్రభుత్వ ఫ్లాట్లకు 26వ అంతస్తులో, 50వ అంతస్తులో తోటలున్నాయి.

నిజానికి మన యూనివర్సిటీలు నయం. ఉస్మానియాలో పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఇప్పటికీ చెట్ల కిందే పుస్తకం తెరుస్తారు. అసలు చిక్కు యూనివర్సిటీకి ముందు రెండేళ్లది. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలు ఎన్నో అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగుల్లో నడుస్తున్నాయి. పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్. మధ్యలో ఎండ తగిలేది మెస్సుకు వెళ్లేటప్పుడే.

విశాఖలో నీట్‌కు చదువుతూ 2023లో చనిపోయిన ఒక అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, ఆపైన విద్యార్థులుంటే కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి సెక్షన్లు విడదీయకూడదు. ఆటలకు, కళలకు ప్రాధాన్యం ఇవ్వాలి. కోచింగ్ సెంటర్లకూ, హాస్టళ్లకూ ఇవి వర్తిస్తాయి. మంచిదే. కానీ ఆటకు నేల కావాలి కదా! కౌన్సెలర్ గదికి బోర్డు పెట్టడం తేలిక, గ్రౌండ్ సంపాదించడం ఖర్చు. ఏది ముందు జరుగుతుందో ఊహించొచ్చు.

అందుకే ఇక్కడి నుంచి ఫీజు పంపేముందు కొన్ని అడగండి. గ్రౌండ్ కాలేజీదేనా, అద్దెదా? రోజూ ఏ టైముకు గేటు తీస్తారు? ఆదివారం టెస్టు ఉంటే ఆ వారం ఆట ఎగిరిపోతుందా? అమ్మాయిలకూ అదే టైమా, పొద్దు వాలకముందే హాస్టల్‌కు తాళమా? ఈ ఆఖరి ప్రశ్నకు చాలాచోట్ల నీళ్లు నములుతారు.

బ్రోచర్‌లో పచ్చటి ఫొటో చూసి నమ్మొద్దు. ఊళ్లో ఉన్న తమ్ముణ్నో బావమరిదినో సాయంత్రం ఐదింటికి ఆ కాలేజీకి పంపి వీడియో కాల్ చేయించండి. మనకప్పుడు ఏడున్నర. ఓటీ లేకపోతే డ్యూటీ దిగే ఉంటారు.