మాత్రలకు డబ్బు ఎప్పుడు తీసిపెట్టాలి?

"రక్తపోటు మాత్రలు ఎన్నాళ్ళు వాడాలండీ?" అన్నది ఈ శీర్షికలో తరచు ఎదురయ్యే ప్రశ్న. జవాబు ఒక్క ముక్కలో చెప్పవచ్చు. చాలామంది జీవితాంతం వాడాలి. ఈ సంగతి తెలిసినవాళ్ళు కూడా మధ్యలో మానేస్తూనే వున్నారు. చదువుకున్నవాళ్ళూ మానేస్తున్నారు, చదువురానివాళ్ళూ మానేస్తున్నారు. కనుక ఈ వారం మాత్రల గురించి కాకుండా, వాటిని కొనే డబ్బు గురించి, ఆ డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు మన మనసు చేసే లెక్కల గురించి చెప్పుకుందాం.

కృష్ణ సముద్రంలో కలిసేచోట వున్న హంసలదీవినే తీసుకోండి. మాఘ పౌర్ణమికి సాగర సంగమ స్నానానికి వెళ్ళినవాళ్ళకు ఆ ఊరు తెలిసే వుంటుంది. దివిసీమలో చాలా ఇళ్ళకు డబ్బు నెల జీతంలా రాదు. సార్వా వరి కోసి, నూర్చి, ధాన్యం అమ్మితే సంక్రాంతికి అటూ ఇటూగా ఒకసారి చేతిలో డబ్బు ఆడుతుంది. వరి కోతకు ముందే చేలో చల్లిన మినుము చేతికొస్తే మరోసారి. సముద్రం మీద బతికేవారి సంగతి ఇంకోలా వుంటుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులపాటు, యంత్రం బోట్లకు వేట నిషేధం. ఆ రెండు నెలలూ చేతిలో పైసా ఆడదు. అది అయ్యేసరికి పిల్లల స్కూలు ఫీజులు, ఆ వెనకే రైతులకు దమ్ము, నాట్లు, ఎరువులు వచ్చిపడతాయి.

డబ్బు ఏడాదికి రెండు మూడుసార్లు వస్తుంది. మాత్ర మాత్రం 365 రోజులూ వేసుకోవాలి. చిక్కంతా ఇక్కడే వుంది.

చేతిలో డబ్బు తక్కువైనప్పుడు ఇంట్లో ఏ ఖర్చు ముందు తగ్గుతుంది? బియ్యం తగ్గించలేరు. అప్పు వాయిదా ఆపితే అప్పిచ్చినవాడు గుమ్మంలో నిలబడతాడు. మాత్ర ఆపితే ఆ రోజు ఏమీ జరగదు. మర్నాడూ ఏమీ జరగదు. రక్తపోటుకు నొప్పి లేదు, జ్వరం లేదు. మచిలీపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తే ఈ ప్రాంతంవారికి వేరే చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఇంకా మరచిపోలేదు. రక్తపోటుకు అటువంటి సూచిక ఏదీ ఎగరదు. పై అంకె 140, కింది అంకె 90 దాటి ఏళ్ళ తరబడి వున్నా మనిషి పొలం పని చేసుకుంటూనే వుంటాడు. లోపల మాత్రం మెదడులోని రక్తనాళాలు, గుండె, మూత్రపిండాలు పాడవుతూ వుంటాయి.

ఇంకో సంగతి కూడా వుంది. మాత్రకు పెట్టిన రూపాయి పోవడం కళ్ళకు కనబడుతుంది. దానివల్ల రాకుండా పోయిన పక్షవాతం ఎవరికీ కనబడదు. చేతిలోంచి పోయేదానికి మనసు ఎక్కువ బరువు ఇస్తుందని, అంతే విలువైనది వచ్చినా అంతగా పట్టించుకోదని మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఎమోస్ ట్వెర్‌స్కీ 1979లో ఒక సిద్ధాంతంగా రాశారు. మన పెద్దవాళ్ళకు ఇది కొత్త సంగతేమీ కాదు గాని, దాన్ని లెక్కకట్టి చూపించినందుకు కానెమన్‌కు 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

"డబ్బు లేనివాళ్ళకు ముందుచూపు లేదు" అని కొందరు తేలిగ్గా అనేస్తారు. ఈ మాట నేను ఒప్పుకోను. సెంధిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, వారి సహచరులు తమిళనాడులో 464 మంది చెరకు రైతులను పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. ఒకే రైతుకు చెరకు డబ్బు రాకముందు, వచ్చిన తరువాత అటువంటి పరీక్షలే పెట్టారు. డబ్బు వచ్చిన తరువాత అదే మనిషి బాగా ఆలోచించగలిగాడు. మనిషి మారలేదు, తెలివి మారలేదు. డబ్బుకు కటకటగా వున్నప్పుడు బుర్ర సగం ఆ చింతలోనే వుంటుంది గనుక మిగతా విషయాలకు చోటు చాలదన్నది వారి వాదన. ఈ పరీక్ష మీద తరువాత అభ్యంతరాలు చెప్పినవారూ వున్నారు. అయినా కరువు నెలల్లో ఇల్లు నడిపిన ఇల్లాలిని ఎవరినైనా అడిగి చూడండి, కాదనదు.

కనుక నేను చెప్పేది ఏమిటంటే, మాత్రల సంగతి చేతిలో డబ్బు లేని రోజుల్లో తేల్చుకోవద్దు. డబ్బు వున్న రోజునే తేల్చేయండి. ధాన్యం డబ్బు రాగానే, పండక్కి బట్టలు తీయకముందే, డాక్టరు చీటీ ప్రకారం మూడు నెలల మాత్రలు కొనిపెట్టండి. ఇలా చెయ్యబోయేముందు ఒకసారి రక్తపోటు చూపించుకుని, మందు మార్చవలసిన పని లేదని డాక్టరు చేత అనిపించుకోండి. కొనేటప్పుడు షీటు మీద గడువు తేదీ చూసుకోండి. మాత్రలు షీట్లలోంచి వలిచి సీసాలో పోయవద్దు. మన సముద్రతీరపు గాలికి చెమ్మగిల్లుతాయి. కంపెనీ పేరున్న మందు ఖరీదనిపిస్తే, అదే మందు జనరిక్ పేరుతో దొరుకుతుందేమో అడగండి. సామాన్యంగా వాడే రక్తపోటు మాత్ర జన ఔషధి దుకాణంలో ఒక టీ కన్నా చవక.

ఒక్కసారిగా మూడు నెలలకు కొనలేనివారు పోపుల పెట్టెను నమ్ముకోవచ్చు. నవ్వకండి. ఏ డబ్బుకైనా ఒక పేరు పెట్టి విడిగా వుంచితే దాన్ని ముట్టుకోవడానికి చెయ్యి వెనకాడుతుంది. కెన్యా దేశపు పల్లెల్లో పాస్కలీన్ డూపా, జోనథన్ రాబిన్సన్ ఈ సంగతి పరీక్షించారు. తాళమున్న మామూలు పెట్టె ఒకటి ఇచ్చి, చెవి కూడా ఇంటివారికే ఇచ్చి, ఆరోగ్యం కోసం ఇందులో దాచుకోమన్నారు. ముందుజాగ్రత్త కోసం ఆ ఇళ్ళవారు పెట్టే ఖర్చు మూడింట రెండు వంతుల దాకా పెరిగింది. చెవి తామే అట్టిపెట్టుకుని ఇచ్చిన పెట్టెలు అంతగా పనికి రాలేదు. ఇంటికి అవసరం ఎటునుంచి వస్తుందో తెలియదు కదా, మరీ బిగించి కట్టేస్తే ఎవరూ అందులో డబ్బు వెయ్యరు. పెట్టె ఇంట్లోనే వుండాలి, దాని మీద "అత్తయ్య బి.పి. మాత్రలు" అని రాసి వుండాలి, అంతే.

"ప్రభుత్వాసుపత్రిలో మాత్రలు ఉచితమే కదా, ఇంత తతంగం ఎందుకు?" అంటారేమో. మాత్ర ఉచితమే, కాని ఆ రోజు కూలి పోతుంది, ఆటో ఖర్చు అవుతుంది. అక్కడికి వెళ్ళాక డాక్టరు లేకపోతే రెండోసారి వెళ్ళాలి. రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లాలో పిల్లల టీకాల విషయంలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం చూసిందీ ఇదే. టీకా ఉచితమే అయినా మామూలు గ్రామాల్లో అన్ని టీకాలూ పూర్తయిన పిల్లలు నూటికి 6 మంది. ఊళ్ళోకే వచ్చి తప్పకుండా శిబిరం పెడితే 18 మంది అయ్యారు. టీకాకు వచ్చినప్పుడల్లా కిలో పప్పు, అన్నీ పూర్తయితే పళ్ళేలు ఇస్తే 39 మంది అయ్యారు. తల్లులకు పిల్లల మీద ప్రేమ పప్పుతో పెరగలేదు. ఆ రోజు పని మానుకున్నందుకు ఇంటికి ఏదో తీసుకువెళ్ళామన్న తృప్తి కలిగింది.

మీకెవరూ పప్పు ఇవ్వరు గనుక ప్రయాణాన్నే కలిపేసుకోండి. బ్యాంకు పనికో, ఎరువులకో అవనిగడ్డ వెళ్ళే రోజే మాత్రల రోజు చేసుకోండి. ఊరికి 104 వాహనం వచ్చే తేదీని క్యాలెండరులో గుండ్రంగా చుట్టి వుంచుకోండి. నెల మాత్రలు ఒకేసారి ఇమ్మని అడగండి.

ఉప్పు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచాడు. ఉప్పు చేప, ఆవకాయ, అప్పడం ఒకే పూట పెట్టుకుంటే ఆ లెక్క మధ్యాహ్నానికే దాటిపోతుంది. ఉప్పు గిన్నెను భోజనాల దగ్గర నుంచి వంటింట్లోకి మార్చండి. లేచి వెళ్ళి తెచ్చుకోవాలంటే సగంమంది వేసుకోరు.

ఇప్పటికే మాత్రలు మానేసినవారు మళ్ళీ మీ అంతట మీరు పాత మోతాదు మొదలుపెట్టకండి. ముందు రక్తపోటు చూపించుకోండి. వాడుతున్నవారు ఉన్నపళంగా ఆపవద్దు. కొన్ని రకాల మందులు హఠాత్తుగా మానితే పోటు ముందుకన్నా పైకి ఎగబాకుతుంది. ఇంట్లో ఎవరికైనా మూతి ఒక పక్కకు వంకరపోయినా, ఒక చెయ్యి పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా పసరు మందుల కోసం తిరగకుండా వెంటనే 108కి ఫోను చెయ్యండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. హంసలదీవి వంటి చివరి ఊళ్ళనుంచి పెద్దాసుపత్రికి చేరడానికే అందులో చాలా సమయం పోతుంది. ఎన్ని గంటలకు మొదలైందో ఒక కాగితం మీద రాసి, వాడే మాత్రల షీట్లతో సహా రోగితోపాటు పంపండి.