గడియ వేరు, తన్‌హాయీ వేరు

ఇంట్లో పిల్లోడు నషాకు చిక్కాడని తెలియగానే మనకు మొదట గుర్తొచ్చేది ఇజ్జత్. ఖాందాన్ బద్‌నామ్ అవుతుందని వాణ్ని గదిలో పెట్టి బయట గడియ వేస్తాం. లేదంటే మామూ, చాచా అందరూ చుట్టూ కూర్చుని నసీహత్ మీద నసీహత్. మూడో ఇలాజ్ మరీ ఘోరం, నికాహ్. ఎవరింటి బిడ్డో వచ్చి వీణ్ని బాగుచేయాలట!

మా తమ్ముడి విషయంలో మేం మొదటి రెండూ చేశాం. గడియ పెట్టిన రెండో రోజు వాడికి ఫిట్స్ వచ్చాయి. ఏళ్లుగా తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే ప్రాణమే పోవచ్చని ఆసుపత్రిలో చెప్పేదాకా మాకు తెలీదు. కాబట్టి ముందు డాక్టరు. అందులో షరమ్ ఏమీ లేదు. నేను చెప్పేది ఆ తర్వాతి నెలల గురించి. ఒళ్లు కుదుటపడినా దిల్ కుదుటపడని నెలలు అవి. అప్పుడు మనిషికి కాస్త తన్‌హాయీ కావాలి, చేతిలో ఒక కితాబు కావాలి.

మాల్కం ఎక్స్‌నే చూడండి. 1946లో దొంగతనాల కేసులో జైలుకెళ్లేనాటికి కొకెయిన్ అలవాటు ముదిరి ఉంది. చదువు ఎనిమిదితో ఆగింది. ఉత్తరం కూడా సరిగ్గా రాయలేకపోతున్నానన్న బాధతో నార్‌ఫక్ జైల్లో డిక్షనరీ తీసుకుని మొదటి పేజీ నుంచి నోటుబుక్కులోకి ఎక్కించాడు. ఆ ఒక్క పేజీకే ఒక రోజు పట్టిందట. రాత్రి దీపాలు ఆర్పేశాక వరండాలోంచి వచ్చే వెలుగులో చదివేవాడు. (అప్పటి ఆయన అఖీదా వేరు, అది నాకూ తెలుసు. హజ్ చేసింది 1964లో.) దువా కోసం మోకాళ్లు వంచడానికి ఆయనకు వారం పట్టింది. మెడ పట్టి ఎవరూ వంచలేదు. తోబుట్టువులు ఉత్తరాలు రాస్తూ ఉన్నారు, అంతే.

ఒంటరిగా వదిలితే షైతాన్ వస్తాడు భాయ్, అంటారు. నిజమే. రాత్రంతా ఫోను పట్టుకుని తలుపేసుకోవడం ఖల్వత్ కాదు. మన దీన్‌లో దానికి కొలత ఉంది. రంజాన్ చివరి పది రోజుల ఎతెకాఫ్ గుర్తు చేసుకోండి. పరదా వెనక ఒక్కడే. ఐదు పూటలా మాత్రం జమాత్‌తో నమాజు. ఇఫ్తార్ ఇంటినుంచే వస్తుంది.

మా వాడు ఇప్పుడు ఫజర్ తర్వాత ఒక గంట తర్జుమా చదువుతాడు. తలబ్ ఎప్పుడు పుట్టింది, ఎవరి ఫోను వచ్చాక పుట్టింది, నోటుబుక్కులో రాసుకుంటాడు. అమ్మీ ఒకరోజు అది తెరవబోతే నేను వద్దన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నోటుబుక్కు ఇంకా అదే అరలో ఉంది, తాళం లేకుండానే.