చూస్తే చాలదు, కనబడాలి

హాస్టల్లో కరెంటు పోయి, ఫోన్ బ్యాటరీ 10 శాతానికి వచ్చిందనుకోండి. ముందు ఏం ఆపేస్తాం? లొకేషన్, బ్లూటూత్. కాల్ చేసుకోడానికి ఛార్జింగ్ మిగిలితే చాలనుకుంటాం. నేనైతే ప్రతిసారీ అదే చేస్తాను. అందుకే ఈ ప్రమాదం గురించి చదివినప్పుడు ఆ పైలట్‌ని తిట్టబుద్ధి కాలేదు.

2006 ఆగస్టు 28, అమెరికాలోని నెవాడా రాష్ట్రం. రెనో విమానాశ్రయం వైపు ఒక హాకర్ బిజినెస్ జెట్ కిందికి దిగుతోంది. అందులో ఇద్దరు పైలట్లు, ముగ్గురు ప్రయాణికులు. అక్కడే సుమారు 16,000 అడుగుల ఎత్తులో ఒక గ్లైడర్, గద్దలా గుండ్రంగా తిరుగుతూ పైకి లేస్తోంది. రెండూ గుద్దుకున్నాయి. గ్లైడర్ పైలట్ పారాచూట్‌తో దూకేశాడు. జెట్ ముక్కు నుజ్జయింది. అయినా దాని పైలట్లు చక్రాలు దించకుండానే కార్సన్ సిటీలో రన్‌వే మీద దింపగలిగారు. అదృష్టం, ఆరుగురూ బతికారు. అదే రెనోకి ఎయిర్‌లైనర్లు కూడా వస్తాయి. వాటిలో ఒకటైతే ఏమయ్యేదో ఊహించుకోండి.

గ్లైడర్‌లో ట్రాన్స్‌పాండర్ ఉంది. కానీ ఆఫ్‌లో ఉంది. రేడియో కోసం బ్యాటరీ దాచుకున్నాడు. దర్యాప్తులో తేలింది ఇదే.

మా రూమ్మేట్‌కి చెబితే, "వాడికి బుద్ధి లేదా మామా? ఉన్నది ఆన్ చేసుకోడానికేం?" అన్నాడు. చాలామంది అనేదీ అదే. నేను మాత్రం ఒప్పుకోను.

పెద్ద విమానాల్లో టీకాస్ అనే వ్యవస్థ ఉంటుంది. అది 1030 మెగాహెర్ట్జ్ మీద "ఎవరక్కడ?" అని అడుగుతుంది, ఎదుటి ట్రాన్స్‌పాండర్ 1090 మీద జవాబిస్తుంది. ఢీకొనేలా ఉంటే పైకెక్కమనో, కిందికి దిగమనో పైలట్‌కి చెబుతుంది. జవాబు రాకపోతే టీకాస్ లెక్కలో అక్కడ ఏమీ లేనట్టే. గ్లైడర్లు ఎక్కువగా ఫైబర్‌తో చేసినవి కాబట్టి మామూలు రాడార్‌కి కూడా సరిగ్గా చిక్కవు.

మరి కళ్లున్నాయిగా అంటారు. లెక్క వేద్దాం. ఎదురుగా ఉన్నదాన్ని చూసి, అదేమిటో గుర్తుపట్టి, విమానాన్ని పక్కకి తిప్పేసరికి 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ చెబుతుంది. 300 నాట్ల వేగమంటే సెకనుకి 154 మీటర్లు. అంటే దాదాపు 1.9 కిలోమీటర్ల దూరంలోనే చూసి తీరాలి. ఎదురుగా వచ్చే గ్లైడర్ బాడీ వెడల్పు 60 సెంటీమీటర్లు అనుకుంటే, ఆ దూరంలో అది చేయి చాచి పట్టుకున్న కాగితం మీద 0.2 మిల్లీమీటర్ల చుక్కంత ఉంటుంది. మన కంటి శక్తికి అదే చివరి హద్దు. రెక్కలు పొడుగే గానీ బ్లేడులా పలచన. రంగు తెలుపు, వెనకాల మబ్బులూ తెలుపే. పైగా మనల్ని నేరుగా ఢీకొట్టబోయే వస్తువు అద్దంలో అటూ ఇటూ కదలదు. ఒకేచోట నిలబడి పెద్దదవుతుంది, అంతే. కదిలేదాన్నే మన కన్ను ముందు పట్టుకుంటుంది. ఇంత కష్టమైన పనిని కళ్లకు అప్పజెప్పి, తప్పితే పైలట్ తప్పు అనడం న్యాయమా?

మన రోడ్ల మీద ఇదే సమస్యకి ఒక జవాబు దొరికింది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకి హెడ్‌లైట్ ఆపే స్విచ్ తీసేశారు. మొదట్లో పగలు లైటు వెలుగుతుంటే ఎదురొచ్చేవాళ్లంతా చేత్తో సైగ చేసేవాళ్లు, గుర్తుందా? ఆ లైటు మనం చూడ్డానికి కాదు, మనం కనబడ్డానికి.

కానీ ఇక్కడే పోలిక తెగిపోతుంది. బండికి ఇంజిన్ ఉంది, తిరిగినంతసేపూ కరెంటు ఇస్తుంది. గ్లైడర్‌కి ఉన్నది ఒక బ్యాటరీ. అందుకే అమెరికా నిబంధనలు గ్లైడర్లకి ట్రాన్స్‌పాండర్ మినహాయింపు ఇచ్చాయి. ఈ ప్రమాదం తర్వాత 2008లో దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఆ మినహాయింపు తీసేయమని సిఫార్సు చేసింది. తీయలేదు. 2020లో ఏడీఎస్-బీ తప్పనిసరి చేసినప్పుడు కూడా గ్లైడర్లని మినహాయించారు.

గ్లైడర్లు నడిపేవాళ్ల వాదనలోనూ నిజం ఉంది. ఖర్చు, బరువు, సొంత డబ్బుతో ఎగిరే క్లబ్బులు. ఇవాళ ట్రాన్స్‌పాండర్ అంటారు, రేపు ఆకాశమే ఖాళీ చేయమంటారన్న భయం. వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు కూడా. 2004లో స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఫ్లార్మ్ అనే చిన్న పరికరం గ్లైడర్లు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా హెచ్చరిస్తుంది. కానీ దాని మాట ఎయిర్‌లైనర్ టీకాస్‌కి వినబడదు. ఇద్దరూ మాట్లాడుతూనే ఉన్నారు, భాషే వేరు.

నా అభిప్రాయం ఇది. దేశమంతా ఒకే రూలు అక్కర్లేదు. ఎయిర్‌లైనర్లు ఎక్కే, దిగే దారుల్లో మాత్రం ట్రాన్స్‌పాండర్ ఆన్‌లో లేకుండా ఏ గ్లైడరూ ఉండకూడదు. అక్కడ పెద్ద విమానాల భద్రత కూడా పెరుగుతుంది కాబట్టి ఖర్చంతా చిన్న క్లబ్బుల మీద పడేయకుండా విమానయాన సంస్థలూ కొంత మోయాలి. బ్యాటరీని ఎంచేటప్పుడే ట్రాన్స్‌పాండర్‌కి కావల్సింది ముందు పక్కన పెట్టి, మిగతా వాటికి ఆ తర్వాత పంచాలి. అప్పుడు రేడియోనా, ట్రాన్స్‌పాండరా అని గాల్లో తేల్చుకోవాల్సిన అవసరమే రాదు.

మన ప్రాజెక్టుల్లో పవర్ బడ్జెట్ టేబుల్ రాసేటప్పుడు 'ఆప్షనల్' అని ఒక కాలమ్ పెడతాం కదా. ఈసారి అందులో ఏదైనా రాసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: బ్యాటరీ అయిపోతుంటే యూజర్ ముందు ఆపేసేది ఇదేనా? ఆపేస్తే దెబ్బ తగిలేది ఎవరికి? అవతలివాడికి అయితే, అది ఆ కాలమ్‌లో ఉండకూడదు.