బడి గేటు దగ్గర నిలబడేదెవరు?

ఇటీవల ఒక ఆదివారం మా రెంటచింతలలో ఆరాధన ముగిసే ముందు ప్రార్థన మనవులు అడిగితే ఒక పెద్దావిడ లేచి నిలబడింది. ‘అయ్యగారూ, అమెరికాలో నా మనవడు బడికి పోయి క్షేమంగా ఇంటికొచ్చేటట్టు ప్రార్థన చేయండి’ అంది. పరీక్షల కోసమో, జ్వరం తగ్గాలనో అడగడం మామూలే. కానీ బడికి వెళ్లి రావడమే ఒక ప్రార్థన అంశం కావడం మమ్మల్ని కలవరపెట్టింది. ఆమె కొడుకు కుటుంబానికి వీసా కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. అయినా టీవీలో చూసిన దృశ్యాలు ఆమెకు నిద్ర లేకుండా చేశాయి.

బడులు, చర్చిలు, ఆసుపత్రుల దగ్గర వలస చట్టాల కింద అరెస్టులు సాధ్యమైనంత వరకూ చేయరాదని అమెరికా ప్రభుత్వం 2011లో ఒక నియమం పెట్టుకుంది. 2021లో ఆటస్థలాలను, బడి బస్సులు ఆగే చోట్లను కూడా అందులో చేర్చింది. 2025 జనవరిలో కొత్త ప్రభుత్వం వచ్చిన వెంటనే ఆ నియమాన్ని రద్దు చేసింది. నేరస్థులు బడుల్లో, చర్చిల్లో దాక్కోకూడదన్నది అది చెప్పిన కారణం. ఆ ఏప్రిల్‌లో లాస్ ఏంజెలిస్‌లోని రెండు ప్రాథమిక పాఠశాలలకు కేంద్ర అధికారులు వచ్చారు. పిల్లల క్షేమం కనుక్కోవడానికే వచ్చామని వారన్నా ప్రధానోపాధ్యాయులు లోపలికి రానివ్వలేదు. కొన్ని నెలల తర్వాత చికాగోలో తల్లిదండ్రులు, ఇరుగుపొరుగువారు విజిళ్లు పట్టుకుని బడుల చుట్టూ కాపలా కాశారు. 2026 జనవరిలో మినియాపోలిస్‌లో ఒక ఉన్నత పాఠశాల వద్ద గొడవ జరిగితే నగరంలోని ప్రభుత్వ బడులకు రెండు రోజులు సెలవు ప్రకటించారు.

ఈ వార్తలు విన్నప్పుడు మనవాళ్లలో చాలామంది అనే మాట ఒకటుంది. ‘మన పిల్లలు చట్టప్రకారం వెళ్లారు. దొంగదారిన వెళ్లినవాళ్లను పట్టుకుంటే మనకేం?’ విశ్వాసుల నోట కూడా ఈ మాట విన్నాం. మన జ్ఞాపకశక్తి అంత చిన్నదా? 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు వీధిన పడినవారిలో ఎక్కువమంది తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో కాలర్లు తగిలిస్తే రాష్ట్రమంతా తల్లడిల్లింది. 2019లో మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ పేరిట అధికారులే ఒక నకిలీ విశ్వవిద్యాలయం నడిపి వంద మందికి పైగా భారతీయ విద్యార్థులను అరెస్టు చేశారు. వారిలోనూ తెలుగువారు ఎందరో ఉన్నారు. ఆ రోజున ‘చట్టం తన పని తాను చేసుకుపోతుంది’ అని మనం ఊరుకోలేదు. ‘మా పిల్లలు’ అని ఏడ్చాం. ఏడవడం తప్పు కాదు. ఆ కన్నీళ్లు మన ఇంటి పిల్లల దగ్గరే ఆగిపోవడం తప్పు.

పాలకులకు లోబడమని పౌలు రోమా సంఘానికి రాశాడు (రోమా 13). సరిహద్దులు కాపాడుకునే హక్కు ప్రతి దేశానికీ ఉంది. అయితే తనకు తాను హద్దులు గీసుకున్నంత మాత్రాన చట్టం బలహీనపడదు. అసాధారణ పరిస్థితుల్లో తప్ప, చీకటి పడ్డాక స్త్రీని అరెస్టు చేయరాదని మన దేశపు చట్టమే చెబుతోంది. కాగితాలు లేని పిల్లలను కూడా ప్రభుత్వ బడుల నుంచి దూరం పెట్టరాదని అమెరికా సుప్రీంకోర్టు 1982లో తీర్పు చెప్పింది. దేవుడు ఆశ్రయ పురాలను ఏర్పాటు చేసినప్పుడు అవి ఇశ్రాయేలీయులకే కాక పరదేశులకు కూడా అని చెప్పాడు (సంఖ్యా 35:15). పెద్దల తప్పొప్పులు తేల్చడానికి కోర్టులున్నాయి. పలకా బలపం పట్టుకున్న బిడ్డ ఎదుట ఆ లెక్క తేల్చనక్కరలేదు.

ఫరోతో ఏ ప్రభుత్వాన్నీ పోల్చడం మా ఉద్దేశం కాదు. కానీ విజిల్ పట్టుకుని బడి దగ్గర నిలబడ్డ ఆ తల్లులను చూసినప్పుడు మాకు మిర్యాము గుర్తుకొచ్చింది. తమ్ముణ్ణి పెట్టెలో పెట్టి నది ఒడ్డున జమ్ములో ఉంచితే ఆ అమ్మాయి దూరంగా నిలబడి వాడికేమవుతుందోనని కనిపెట్టుకుని ఉంది (నిర్గమ 2:4). ఆమె చేతిలో కత్తి లేదు, అధికారం లేదు. చేసిందల్లా అక్కడినుంచి కదలకపోవడమే. ఇశ్రాయేలు విడుదల కథలో ఆ కాపలాకూ చోటుంది.

అలాంటి ఆదరణ మన పల్నాటికి కొత్త కాదు. 1849లో గురజాల వచ్చి పరిచర్య చేసిన ఫాదర్ హయ్యర్ జర్మనీలో పుట్టాడు. యుద్ధాల కాలంలో, 1807లో, తల్లిదండ్రులు ఆయనను బాలుడిగా ఉండగానే అమెరికాలోని మేనమామ దగ్గరికి పంపేశారు. పరాయి దేశంలో ఆదరణ పొందిన ఆ పిల్లవాడే పెద్దవాడై తెలుగు పిల్లలకు బడి తలుపులు తెరిచాడు.

మరి మన గేటు సంగతేమిటి? సంక్రాంతి దాటితే మిరప కోతలకు కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే పిల్లాపాపలతో వచ్చి పొలాల గట్లమీద పట్టాల కింద కాపురముంటాయి. వాళ్ల పిల్లలు బడి మాని చంటివాళ్లను చంకనేసుకుని కల్లాల దగ్గర తిరుగుతుంటారు. వాళ్లను ఏ అధికారీ తరమడు. రమ్మని పిలిచేవాళ్లూ తక్కువే. వయసు ధ్రువపత్రం లేదని బిడ్డను వెనక్కి పంపరాదని, టీసీ రాలేదని చేర్చుకోవడం ఆలస్యం చేయరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం స్పష్టంగా చెబుతోంది. చట్టం తెరిచిన గేటు దగ్గరికి ఆ బిడ్డ చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్లు కావాలి. ముందుగా మేమే ఒప్పుకోవాలి. ఎన్నో ఏళ్లుగా ఆ పిల్లలను దాటుకుంటూనే ఆరాధనకు వెళ్లాం. ‘నీ పేరేంటమ్మా, ఏ తరగతి?’ అని అడగలేదు.

ఆ ఆదివారం పెద్దావిడ మనవడి కోసం సంఘమంతా ప్రార్థించింది. వేల మైళ్ల దూరంలో ఉన్న ఆ బడి గేటు దగ్గర మనం నిలబడలేం. మనకు ముక్కూమొహం తెలియనివారెవరో అక్కడ నిలబడుతున్నారు. వాళ్లు మన మనవడి కులం, దేశం అడగడం లేదు. ఈ కోతల కాలంలో మన ఊరి బడి గేటు దగ్గర, మనకు పేరు తెలియని ఒక తల్లి బిడ్డ కోసం మనమూ నిలబడదాం. అప్పుడే ఆ ప్రార్థనకు మనం ‘ఆమేన్’ అన్నట్టు.