కొత్తవాళ్లు దిగకముందే కుక్కలున్నవాళ్లు తలుపు తట్టాలి



పోయిన మాఘమాసంలో, పటమటలో మేముంటున్న అపార్టుమెంటులో మా ఎదురు ఫ్లాటును కొత్తవాళ్లు కొనుక్కున్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకు గృహప్రవేశం. సన్నాయి ఎత్తుకోగానే మా ఇంట్లో రెండు కుక్కలూ మూతులు పైకెత్తి ఊళ అందుకున్నాయి. సాగదీసిన స్వరం చెవిన పడితే కుక్కలు అలా గొంతు కలుపుతాయని నాకు తెలుసు. బయట నిలబడ్డవాళ్లకు ఎలా తెలుస్తుంది? రెండింటి మెడపట్టీలూ పట్టుకుని వెనక గదిలోకి లాక్కెళ్లి తలుపేసేసరికి ఎదురింట్లో సన్నాయి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఒక పెద్దావిడ గొంతు వినిపించింది. "పాలు పొంగించే వేళకి కుక్క ఏడుపేమిటే అమ్మా!"

ఆ తప్పు కుక్కలది కాదు, ఆ పెద్దావిడదీ కాదు. అంతకుముందు రెండు వారాలుగా ఆ ఫ్లాటుకు రంగులు వేస్తున్నారు. కొన్న దంపతులు రెండుసార్లు లిఫ్టులో నాకు ఎదురయ్యారు కూడా. "మా ఇంట్లో రెండు కుక్కలున్నాయండీ, మీ ముహూర్తం ఎప్పుడో చెబితే ఆ రాత్రికి వాటిని ఉయ్యూరులో మా తమ్ముడింటికి పంపిస్తాను" అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. నవ్వి ఊరుకున్నాను.

అందుకే ఈ ఉత్తరం. పక్కింటికి కొత్తవాళ్లు వస్తున్నారంటే మొదటి పలకరింపు కుక్కలున్నవాళ్ల నుంచే వెళ్లాలి. అదీ సామాన్ల లారీ రాకముందే. వాళ్లు ఫిర్యాదు చేశాక వెళ్లి మాట్లాడితే అది సంజాయిషీ అవుతుందే తప్ప పరిచయం కాదు.

నాలాంటివాళ్లం చాలామంది ఈ పని చెయ్యం. ఎందుకంటే మా చేతిలో ఒక కాగితం ఉంది. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన సర్క్యులర్ అది. నివాసుల సంఘం మెజారిటీతో తీర్మానం చేసినా సరే పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదనీ, లిఫ్టు ఎక్కనివ్వం అనకూడదనీ, మొరుగుతోందన్న కారణంతో వదిలించుకోమనకూడదనీ అందులో ఉంది. పెంచుకున్న జంతువును దిక్కులేకుండా వదిలేస్తే 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఈ రక్షణలు అవసరమే. "కుక్కలుంటే ఇల్లివ్వం" అనే బోర్డులు మన ఊళ్లో ఎన్ని చూశానో! ఇల్లు దొరక్క, పెంచిన కుక్కను రాత్రివేళ కాలవ గట్టున వదిలేసి వెళ్లినవాళ్లూ నాకు తెలుసు. అయితే ఆ సర్క్యులరే, మలమూత్రాలు శుభ్రం చెయ్యమనీ, బయటికి తెచ్చినప్పుడు గొలుసు వెయ్యమనీ మాకూ చెప్పింది. మీటింగుల్లో ఆ పేరా చదివేవాళ్లు తక్కువ. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్ కూడా ఉంది. మన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా జాగ్రత్త పడకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

గృహప్రవేశం అయిన మూడో రోజు సాయంత్రం, కుక్కల్ని ఇంట్లోనే ఉంచి, ఒక్కదాన్నే ఎదురింటికి వెళ్లాను. ఆ రోజు మాట్లాడిన పెద్దావిడే, ఎదురింటి మామ్మగారు, గుమ్మంలోనే ఆపేశారు. "మీ దగ్గర కుక్క వాసనొస్తోందమ్మా" అన్నారు. కోపంగా కాదు, భయంగా. అప్పుడు చెప్పుకొచ్చారు. ఆవిడది దివిసీమ. తొమ్మిదేళ్ల తమ్ముణ్ణి పిచ్చికుక్క కరిస్తే ఇంట్లోవాళ్లు ఆకుపసరు పోయించారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులంటే పిల్లాడు తట్టుకోలేడని పట్నం తీసుకెళ్లలేదట. కొన్ని వారాలకి మంచినీళ్ల చెంబు చూసి వాడు అరిచిన అరుపు తన చెవుల్లో ఇప్పటికీ ఉందన్నారు.

ఆ భయాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసే హక్కు మనకు లేదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే వైద్యం ఈనాటికీ లేదు. గొర్రె మెదడు కణజాలంతో చేసిన ఆ పాత టీకాను మన దేశంలో 2004 చివర్లో ఆపేశారు. ఇప్పుడు చేతికిచ్చే నాలుగైదు డోసులే. కరిచిన చోట వెంటనే సబ్బుతో పావుగంట సేపు ధారగా పడే నీళ్ల కింద కడిగి ఆసుపత్రికి వెళితే ప్రాణం నిలబడుతుంది. అంతకన్నా ముందు, కుక్కకు ఏటా టీకా వేయిస్తే దాని నుంచి రేబిస్ సోకే ప్రమాదం దాదాపు ఉండదు.

మర్నాడు మా కుక్కల టీకా పుస్తకాలు తీసుకెళ్లాను. పశువైద్యుడు సూది వేసిన ప్రతిసారీ మందు సీసా మీది లేబుల్ ఊడదీసి పుస్తకంలో అంటించి, పక్కన తేదీ రాసి సంతకం చేస్తాడు. మామ్మగారు కళ్లజోడు తెప్పించుకుని ఒక్కో లేబుల్ మీదా వేలు పెట్టి సంవత్సరాలు చదివారు. ఒకచోట ఆగి "ఈ ఏడు రెండు నెలలు ఆలస్యమైందేం?" అన్నారు. నిజమే, ఆలస్యమైంది. ఇక ఆలస్యం చెయ్యనని మాటిచ్చాను. అపార్టుమెంట్ల సంఘాలు "కుక్కలు నిషేధం" అనే చెల్లని నోటీసులు అంటించే బదులు, ఏటా ఆ పుస్తకం పేజీ ఫోటో తీసి సంఘానికి ఇమ్మని ప్రతి కుక్క యజమానినీ అడిగితే ఎంత బాగుంటుంది!

ఇంకో మాట. "మా కుక్క ఏం చెయ్యదండీ" అనడం మేం మానుకోవాలి. కంకిపాడు దగ్గర మా పుట్టింట్లో ఆ మాటకు అర్థం ఉండేది. వీధి గేటు నుంచి అరుగు దాకా నలభై అడుగుల వాకిలి. కొత్తమనిషి గేటు దగ్గర కనబడగానే కుక్క మొరిగేది. నాన్నగారు అరుగు మీంచే "ఏం చెయ్యదు, రండి" అనేవారు. ఆ మనిషి నడిచొచ్చేలోపు ఇద్దరూ సర్దుకునేవాళ్లు. ఇక్కడ మా గుమ్మానికీ ఎదురు గుమ్మానికీ మధ్య ఆరడుగులే. లిఫ్టులో ఆ మాత్రం దూరమూ లేదు. అక్కడ భయపడ్డవాళ్లకు కావలసింది హామీ కాదు. గొలుసు పొట్టిగా పట్టుకుని, "మీరు వెళ్లండి, మేం తర్వాత వస్తాం" అనడం.

గుమ్మం దగ్గర మొరుగుడుకీ ఒక కారణం ఉంది. ఎదురింటాయన ఆఫీసుకు బయల్దేరి మా గ్రిల్లు ముందు నుంచి లిఫ్టు వైపు వెళ్లిపోతాడు. కుక్క దృష్టిలో, తను మొరిగింది కాబట్టే ఆయన పారిపోయాడు. రోజుకు నాలుగుసార్లు గెలిస్తే ఏ కుక్కయినా ఎందుకు మానుతుంది? అరిచి, కొట్టి లాభం లేదు. మేం గ్రిల్లుకు సగం ఎత్తు దాకా గుడ్డ కట్టాం. ఎదురింటి అబ్బాయికి ఇష్టమంటేనే, గేటు బయట వేపచెట్టు కింద, కుక్క తనదనుకోని చోట పరిచయం చేశాం. మొదటి మూడు రోజులు ముట్టుకోవడం లేదు, కళ్లలోకి చూడడం లేదు. ఆ అబ్బాయి అటు తిరిగి నిలబడి బిస్కెట్ ముక్క కింద వేసేవాడు, అంతే. మేం ఊరి నుంచి తెచ్చుకున్న నాటుకుక్క మల్లి వారానికే ఆ పిల్లాడి అడుగుల చప్పుడు గుర్తుపట్టి మొరగడం మానేసింది. లేబ్రడార్ బ్రూనోకి నెల పట్టింది.

మామ్మగారు మాత్రం ఇప్పటికీ దగ్గరకు రానివ్వరు. రానివ్వనవసరం లేదు. కుక్కంటే ఇష్టం లేకపోవడం తప్పేం కాదు. ఆవిడ ఉదయం గుడికి వెళ్లే వేళకు మేం కుక్కల్ని బయటికి తీయం. వాళ్లింట్లో వ్రతమో, పేరంటమో ఉంటే ఆవిడ కోడలు ముందురోజే ఫోన్ చేస్తుంది. సన్నాయి ఉందా లేదా అన్నది కూడా చెబుతుంది.

ఈ నెలాఖరుకు మా కింది ఫ్లాటు ఖాళీ అవుతోంది. అద్దెకు దిగేవాళ్లు అడ్వాన్సు ఇచ్చి వెళ్లారని వాచ్‌మన్ చెప్పాడు. వాళ్ల నంబరు అడిగి రాసుకున్నాను. టీకా పుస్తకాలు టీపాయ్ మీదే ఉన్నాయి. ఈ ఆదివారం ఫోన్ చేస్తాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
పటమట, విజయవాడ