పాత మౌంటెన్ బైక్ కొంటున్నారా? ముందున్న ఆ షాక్‌లకు ఒక్క డాలర్ కూడా ఎక్స్‌ట్రా ఇవ్వకండి!

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? బ్యాటరీ హెల్త్ చూస్తాం. ఐఎంఈఐ నంబర్ చెక్ చేస్తాం. స్క్రీన్ మార్చారేమోనని లైట్ కింద పెట్టి మరీ చూస్తాం. అదే 30 ఏళ్ల నాటి సైకిల్ దగ్గరికి వెళ్తే మాత్రం స్టిక్కర్లు చూసి, ఒక రౌండ్ తొక్కి, "సూపర్ ఉంది బ్రో" అని డబ్బులు ఇచ్చేస్తాం. నేనూ అదే చేశాను. రెండేళ్ల క్రితం 180 డాలర్లు అలాగే పోయాయి. ఆ సైకిల్ ఇప్పటికీ మా బాల్కనీలో ఉంది, దాని మీద టవల్స్ ఆరేసుకుంటున్నాం.

ఫోన్ల సైట్‌లో ఈ సైకిల్ గోలేంటి అనుకోవద్దు. నేనుండే డెన్వర్‌లో, చదువుకోవడానికి వచ్చిన మన తెలుగు కుర్రాళ్లలో చాలామంది మొదట కొనే బండి ఇదే. కారు కొనే స్తోమత ఉండదు, రాత్రి ల్యాబ్ నుంచి వచ్చేసరికి బస్సు ఉండదు. పోయిన నెల మా రూమ్మేట్ వాళ్ల తమ్ముడు ఒక యాడ్ పంపాడు: "అన్నా, ఇది చూడు. ఫ్రంట్ సస్పెన్షన్, అల్యూమినియం ఫ్రేమ్, 90ల నాటి పెద్ద బ్రాండ్. 220 డాలర్లే అంట!" సస్పెన్షన్ లేని అదే కాలం సైకిళ్లు 120కే దొరుకుతున్నాయి. అంటే ఆ 100 డాలర్ల తేడా ముందున్న షాక్‌లకే. నా గొడవంతా ఆ 100 డాలర్ల గురించే.

ముందు కొంచెం హిస్టరీ

మౌంటెన్ బైక్‌లకు సస్పెన్షన్ మొదటి నుంచీ లేదు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌ను మార్కెట్లోకి తెచ్చినప్పుడు దానికి ముందు మామూలు ఫోర్కే ఉండేది. రాక్‌షాక్స్ లాంటి కంపెనీలు వచ్చాక 90లలో ముందు షాక్‌లు మామూలైపోయాయి. అప్పటి ఫోర్కుల్లో చాలావాటికి లోపల స్ప్రింగ్ బదులు ఎలాస్టోమర్లు ఉండేవి. అంటే రబ్బరు లాంటి దిమ్మలు, ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. రాక్‌షాక్స్ క్వాడ్రా, జూడీ, అప్పటి మానిటూ ఫోర్కులు ఈ రకమే. 1997లో వచ్చిన మార్జోకీ బాంబర్ మాత్రం స్టీల్ స్ప్రింగులు, ఆయిల్ బాత్‌తో వచ్చింది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, స్టీల్ స్ప్రింగ్ 30 ఏళ్ల తర్వాత కూడా స్ప్రింగే. ఎలాస్టోమర్ మాత్రం వాడినా వాడకపోయినా పాడవుతుంది. కొన్ని రాయిలా గట్టిపడతాయి, కొన్ని కరిగి జిగురులా అంటుకుపోతాయి. ఫోన్ డబ్బాలోంచి తీయకుండా పదేళ్లు దాచినా బ్యాటరీ పోయినట్టే. అందుకే "అసలు తొక్కనే లేదు, గ్యారేజ్‌లోనే ఉంది" అని అమ్మేవాళ్లు చెప్పే మాట ఫ్రేమ్‌కు ప్లస్ కావచ్చు కానీ ఫోర్కుకు కాదు.

ఫోర్క్ చెక్: 3 నిమిషాల పని

దీనికి కావాల్సింది ఒక కేబుల్ టై, ఒక స్కేలు, మీ ఫోన్. కేబుల్ టైని ఫోర్క్ పైగొట్టానికి, కింది కాలు మొదలయ్యే చోట బిగించండి. ముందు బ్రేక్ పట్టుకుని, ఒంటి బరువంతా హ్యాండిల్ మీద వేసి నొక్కండి. టై ఎంత పైకి జరిగిందో కొలవండి. ఆ కాలం ఫోర్కుల్లో చాలావాటికి ట్రావెల్ 50 నుంచి 80 మి.మీ. మధ్య ఉండేది. 10 మి.మీ. కూడా కదలలేదంటే లోపల దిమ్మలు పోయినట్టే లెక్క. ఇదంతా స్లో మోషన్‌లో వీడియో తీయండి. పైకి తిరిగి వచ్చేటప్పుడు ఒక్కసారిగా టప్‌మని ఎగిరితే డ్యాంపింగ్ లేదు. మధ్యలో ఆగి ఆగి వస్తుంటే లోపల పట్టేస్తోంది.

తర్వాత ముందు బ్రేక్ పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. టక్ టక్‌మని కదులుతోందా? అది ఎక్కడ కదులుతోందో వేలు పెట్టి చూడాలి. హ్యాండిల్ కింద హెడ్‌సెట్ దగ్గర అయితే బిగిస్తే పోవచ్చు. ఫోర్క్ కాళ్లలో పైగొట్టం కింది కాల్లోకి దిగే చోట అయితే బుషింగులు అరిగాయి. ఇది ఖర్చుతో కూడిన పని, పైగా చాలా మోడల్స్‌కు పార్టులు దొరకడమే కష్టం. పైగొట్టాల మీద వేలితో రాస్తే గీతలు తగిలినా, పూత పోయి లోహం బయటపడినా అంతే.

"పోతే కొత్త ఫోర్క్ వేసుకుందాంలే అన్నా" అన్నాడు తమ్ముడు. ఇక్కడే అందరూ బోల్తా పడేది. ఇప్పటి మంచి ఫోర్కుల్లో చాలావాటికి పైగొట్టం కింద లావుగా ఉంటుంది, పాత ఫ్రేమ్‌లో దూరదు. వీ-బ్రేకులు బిగించే చోటు కూడా ఉండదు, అవి డిస్క్ బ్రేకులకే. ఎలాగోలా దూర్చినా ఎత్తు సమస్య ఉంది. ముందు భాగం సుమారు 20 మి.మీ. లేస్తే హెడ్ యాంగిల్ ఒక డిగ్రీ దాకా మారిపోతుంది. హ్యాండ్లింగ్ మారడం ఒక్కటే కాదు, ఆ ఫ్రేమ్ తట్టుకునేలా డిజైన్ చేయని లోడ్ కూడా పడుతుంది. ఫోన్ బ్యాటరీ మార్చినంత ఈజీ కాదు ఇది.

ఫ్రేమ్: ఇక్కడ మాత్రం బేరాల్లేవు

ఫోర్క్ పోతే డబ్బు పోతుంది. ఫ్రేమ్ విరిగితే పళ్లు పోతాయి. కాబట్టి ఇక్కడ టైమ్ పెట్టండి.

ఫోన్ ఫ్లాష్‌లైట్ ఆన్ చేసి, గొట్టానికి దాదాపు ఆనించి, పక్క నుంచి వెలుతురు పడేలా పట్టుకోండి. నేరుగా కొడితే ఏమీ కనిపించదు, పక్క నుంచి కొడితే చిన్న సొట్ట కూడా నీడ వేస్తుంది. మొదట చూడాల్సిన చోటు హెడ్ ట్యూబ్ వెనక, కిందివైపు వెళ్లే గొట్టం అడుగుభాగం. ఎదురుగా దేన్నైనా గుద్దిన సైకిల్‌కు అక్కడ పెయింట్ ముడతలు పడుతుంది, గొట్టం కొద్దిగా ఉబ్బుతుంది. తర్వాత పెడల్ ఇరుసు చుట్టూ వెల్డింగ్‌లు, సీటు గొట్టం పైభాగం, వెనక చక్రం బిగించే చోట్లు. సన్నటి గీత కనిపిస్తే గోరుతో రాయండి, మ్యాక్రో ఫొటో తీసి జూమ్ చేయండి. పెయింట్ గీతా, పగులా అని ఇంకా డౌట్ ఉంటే పగులనే అనుకోండి.

స్టీలా, అల్యూమినియమా తెలియాలంటే అయస్కాంతం పెట్టండి. "అల్యూమినియం తుప్పు పట్టదు" అనేది నిజమే. కానీ అల్యూమినియంలో చిన్న చిన్న అదురుల అలసట ఏళ్ల తరబడి పేరుకుంటూనే ఉంటుంది. తుప్పు పట్టేది స్టీలే అయినా పాత సైకిల్ విషయంలో నా ఓటు స్టీల్‌కే. సీటు గొట్టాన్ని పైకి లాగి చూడండి. కదలకపోతే లోపల పట్టేసిందని అర్థం, అది తీయడం పెద్ద నరకం. బయటికి వస్తే ఫ్రేమ్ లోపలికి లైట్ కొట్టి తుప్పు ఎంత ఉందో చూడండి.

సైకిల్ తిరగేస్తే పెడల్ ఇరుసు కింద సీరియల్ నంబర్ ఉంటుంది. అదే దాని ఐఎంఈఐ అనుకోండి. బైక్ ఇండెక్స్ లాంటి రిజిస్ట్రీలో కొట్టి, దొంగ సైకిల్ కాదని చూసుకోండి. నంబర్ గీకేసి ఉంటే అక్కడి నుంచి వచ్చేయండి.

మిగతావి బేరానికి పనికొస్తాయి

చైన్ మీద స్కేలు పెట్టండి. ఒక పిన్ను నుంచి మొదలుపెడితే 12 అంగుళాల దగ్గర సరిగ్గా ఇంకో పిన్ను రావాలి. 1/16 అంగుళం దాటి వస్తే చైన్ మార్చాలి, 1/8 దాటితే వెనక పళ్ల చక్రాలూ పోయినట్టే. చక్రం తిప్పి బ్రేక్ షూ దగ్గర వంకర చూడండి. చిన్న బెండు అయితే తీయించొచ్చు. కానీ రిమ్ము పక్క గోడ వేలికి లోపలికి గుంటలా తగిలితే షూలు దాన్ని తినేశాయి, రిమ్ము మార్చాల్సిందే. గేరు లివర్ నొక్కితే పట్టుకోవడం లేదా? భయపడకండి, చాలాసార్లు లోపల గ్రీజు ఎండిపోయి ఉంటుంది, కడిగితే పనిచేస్తుంది. 26 అంగుళాల టైర్లకు చాయిస్ తగ్గింది గానీ ఇంకా దొరుకుతున్నాయి.

ఇంతకీ ఆ సైకిల్ ఏమైంది?

అమ్మే ఆయనకు అరవై దాటి ఉంటాయి. వాళ్లబ్బాయిదట, కాలేజీకి వెళ్లాక ఎవరూ ముట్టుకోలేదట. పెయింట్ మెరుస్తోంది. తమ్ముడి కళ్లు కూడా. ఫోర్క్ నొక్కితే కేబుల్ టై 6 మి.మీ. జరిగింది. అది చూపించగానే ఆయన 140కి దిగాడు. తమ్ముడు అప్పటికే జేబులో చెయ్యి పెట్టేశాడు.

"ఆగరా" అని ఫ్లాష్‌లైట్ వేశాను. హెడ్ ట్యూబ్ వెనక, అడుగున, పెయింట్ మీద రెండు సన్నటి ముడతలు. వాటి మధ్యలో గోరు పట్టేంత గీత. మ్యాక్రో ఫొటో తీసి ఆయనకు చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వాడు ఒకసారి పడ్డానని చెప్పాడు, ఎలా పడ్డాడో చెప్పలేదు" అన్నాడు. మా ముందే ఫోన్ తీసి యాడ్ డిలీట్ చేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు తమ్ముడు దారంతా మాట్లాడలేదు. వారం తర్వాత సస్పెన్షన్ లేని స్టీల్ ఫ్రేమ్ ఒకటి 120కి కొన్నాడు. చైన్, టైర్లు, బ్రేక్ షూలకు ఇంకో 90 అయింది. ఇప్పుడు రాత్రి పన్నెండింటికి ల్యాబ్ నుంచి దాని మీదే వస్తున్నాడు.

నా మాట

పాత ఫోర్కులను ప్రేమగా విప్పి, దిమ్మలు వెతికి తెచ్చి బాగుచేసే వాళ్లున్నారు. వాళ్లంటే నాకు గౌరవం. మీకూ ఆ ఓపిక, టూల్స్, తొక్కడానికి ఇంకో సైకిల్ ఉంటే తప్పకుండా కొనండి. కానీ రోజూ తొక్కడానికి ఒకే ఒక్క సైకిల్ కొంటున్నవాళ్లకు నా లెక్క సింపుల్. పాత సస్పెన్షన్ ఫీచర్ కాదు, పెండింగ్‌లో ఉన్న రిపేర్ బిల్లు. పనిచేస్తోందని కొలిచి చూసుకుంటే మామూలు ఫోర్క్ సైకిల్ ధర ఇవ్వండి. పనిచేయకపోతే అందులోంచి కూడా తగ్గించండి. ఫ్రేమ్ మీద డౌట్ వస్తే, ఫ్రీగా ఇచ్చినా వద్దు.

స్పెక్ షీట్ చూసి ఫోన్ కొనొద్దని మనమే కదా అందరికీ చెప్తాం. సైకిల్ స్టిక్కర్ కూడా స్పెక్ షీటే, అదీ 30 ఏళ్ల నాటిది.